పాత కంప్యూటర్లో ఊడిన భాగాన్ని చూపు లేకుండా బిగించాలంటే: స్క్రూ, టై, టేపు, జిగురుల్లో ఏది ఎప్పుడు?

పాత కంప్యూటర్ని ఎత్తి పక్కకు జరిపితే లోపల ఏదో గలగలమంటుంది. స్పీకర్ ఊడిపోయి ఉండొచ్చు, కార్డుని పట్టి ఉంచే స్క్రూ జారిపోయి ఉండొచ్చు, నలభై ఏళ్ల నాటి ప్లాస్టిక్ పిల్లర్ (స్క్రూ దిగే బోలు స్తంభం) విరిగి ఉండొచ్చు. మళ్లీ బిగించడానికి దారులు చాలానే ఉన్నాయి: స్క్రూ, నైలాన్ టై (వైర్లని కట్టే పళ్ల పట్టీ), రెండు వైపులా అంటుకునే టేపు, హాట్ గ్లూ, ఎపాక్సీ, సూపర్ గ్లూ. కానీ వీటి గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం కళ్లతో చూస్తూ పని చేసేవాళ్ల కోసం రాసినవే. "ఒక చుక్క జిగురు వేయండి, చుట్టూ పారకుండా చూసుకోండి" అంటారు. పారిందో లేదో చూడలేని వాళ్లకి ఆ మాట ఎందుకూ పనికిరాదు. వేళ్లతో, చెవులతో పని చేసే మనలాంటి వాళ్లకి ఏది సరిపోతుందో చెప్పడానికే ఈ పోలిక.

నేను ఏ పద్ధతినైనా రెండు ప్రశ్నలతో తూస్తాను. అది సరిగ్గా పట్టిందో లేదో తడిమి చూస్తే తెలుస్తుందా? తేడా వస్తే మళ్లీ విప్పగలనా? రెండింటికీ అవునని జవాబు వచ్చేవి స్క్రూ, టై. టేపుకి ఒకటిన్నర మార్కు. జిగురులన్నీ వాటి తర్వాతే. పట్టు ఎంత బలంగా ఉంటుందన్నది నా లెక్కలో మూడో ప్రశ్న, ఎందుకంటే కంప్యూటర్ లోపల ఊడే భాగాల్లో ఎక్కువ వాటికి పెద్ద బలం అక్కర్లేదు. అవి కదలకుండా ఉంటే చాలు.

ముందుగా, చేయి పెట్టకూడని చోట్లు

మానిటర్ కలిసే ఉన్న యంత్రాల సంగతి వేరు. 1984 నాటి మొదటి మ్యాకింటోష్, ఆ తర్వాతి ప్లస్, ఎస్ఈ, క్లాసిక్, అలాగే కమడోర్ పెట్, టీఆర్ఎస్-80 మోడల్ 3 లాంటివి. వీటి లోపల పిక్చర్ ట్యూబ్ ఉంటుంది. ట్యూబ్ పక్కన ఉండే రబ్బరు కప్పు కింద, ప్లగ్ తీసేశాక కూడా, వేల వోల్టుల ఛార్జి నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ మెడ సన్నటి గాజు, మోచేయి తగిలినా విరుగుతుంది. తడుముతూ పని చేసే చేతికి అది తగిన చోటు కాదు. ఈ యంత్రాల్లో ఏ భాగం ఊడినా, ట్యూబ్‌ని డిశ్చార్జి చేయడం తెలిసిన మనిషికి అప్పగించడమే సరైన ఎంపిక. ఈ విషయంలో నా అభిప్రాయానికి మినహాయింపు లేదు.

పవర్ సప్లై డబ్బా కూడా అంతే. దాన్ని కేసుకి పట్టి ఉంచే బయటి స్క్రూలు బిగించుకోవచ్చు, కానీ డబ్బాని మాత్రం విప్పకూడదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది.

మూడోది బ్యాటరీ. 386, 486 చిప్పుల కాలపు మదర్‌బోర్డుల (ప్రధాన సర్క్యూట్ బోర్డుల) మీద పీపా ఆకారంలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీని అతికించేవారు. ఏళ్లు గడిచాక అది కారుతుంది. కారిన ద్రవం క్షారం, చర్మాన్ని తినేస్తుంది. అందుకే మూత తీశాక మొదటి తడుముడు పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌తో చేయండి. వాటిలోంచి స్క్రూ తల కూడా చక్కగా తెలుస్తుంది. ఎక్కడైనా ఉప్పు పేరుకున్నట్టు గరగరలాడితే అక్కడ ఆగండి. దూదికి వెనిగర్ అద్ది తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే పని కొనసాగించండి. పాత కేసుల రేకు అంచులు పదునుగా ఉంటాయి, పల్చటి గ్లవ్స్ వాటిని ఆపవు.

స్టాటిక్, అంటే ఒంటి మీద పేరుకునే విద్యుత్తు, సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి, చిప్పు పాడవడానికి అంతకంటే చాలా తక్కువ చాలు. మనం ప్రతి భాగాన్నీ తాకి తెలుసుకోవాలి కాబట్టి మణికట్టు పట్టీ మనకి మరీ అవసరం. పట్టీ క్లిప్పుని కేసులో రంగు వేయని లోహానికి తగిలించండి.

ఊడింది ఏమిటో తేల్చుకోవడం

మందపాటి తువ్వాలు పరిచి, కంప్యూటర్ని మూతతో సహా నెమ్మదిగా ఒక పక్కకి వంచి వినండి. ఇనుప స్క్రూ రేకు మీద దొర్లితే సన్నగా గీరిన శబ్దం వస్తుంది. ప్లాస్టిక్ ముక్కది పొడి చప్పుడు. స్పీకర్ లాంటి బరువైనది ఒక్కసారిగా ధన్‌మని ఆగుతుంది. ఏ మూలకి వంచితే ఆగిందో గుర్తు పెట్టుకుని, ఆ మూల కిందికి ఉండేలా పెట్టి, అప్పుడు మూత తీయండి. ఊడిన ముక్క అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే సన్నని కర్ర చివర అయస్కాంతం ఉన్న పికప్ పరికరం వాడొచ్చు. కానీ ఇత్తడి, నైలాన్, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ దానికి అంటుకోవు. అయస్కాంతానికి రాలేదు కాబట్టి లోపల ఏమీ లేదనుకోవడం ప్రమాదం, ఎందుకంటే మదర్‌బోర్డు కింద ఇరుక్కున్న ఒక్క ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని రేకుకి ఆనకుండా ఎత్తి ఉంచే చిన్న కాలు) చాలు షార్ట్ అవడానికి. శబ్దం పూర్తిగా ఆగిపోయే దాకా వెతకాలి.

ఫ్లాపీ డిస్కులు దగ్గర్లో ఉంటే ఆ అయస్కాంతాన్ని తీయకముందే వాటిని వేరే గదిలో పెట్టండి.

స్క్రూ: మొదటి ఎంపిక, ఎందుకంటే

ఉన్న రంధ్రం బాగుంటే మరో ఆలోచన వద్దు, స్క్రూనే. అది పట్టే ప్రతి దశా చేతికి తెలుస్తుంది. మర అందుకున్నప్పుడు చిన్న ఆనిక, తిరుగుతున్నప్పుడు సమానమైన బరువు, తల ఆనినప్పుడు ఒక్కసారిగా బిగుసుకోవడం. మరే పద్ధతీ ఇంత స్పష్టంగా మాట్లాడదు.

అసలు ఇబ్బంది స్క్రూల రకాలతో వస్తుంది. పీసీ రకం యంత్రాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: 6-32, ఎం3. మొదటిది సుమారు 3.5 మిల్లీమీటర్ల లావు, అంగుళానికి 32 మరలు, అంటే మరకీ మరకీ మధ్య 0.8 మిల్లీమీటర్లు. రెండోది 3 మిల్లీమీటర్ల లావు, మరల మధ్య దూరం 0.5 మాత్రమే. గోరుని స్క్రూ పొడవునా లాగండి. 6-32 అయితే మెట్లు లెక్కపెట్టగలిగేంత దూరంగా, గరుకుగా తగులుతాయి. ఎం3 అయితే ఆకురాయి మీద గీసినట్టు సన్నగా జర్రున జారుతుంది. ఒకసారి రెండింటినీ పక్కపక్కన తడిమితే వేలు ఇక మరచిపోదు.

కేసు మూతకి, పవర్ సప్లైకి, విస్తరణ కార్డులకి, మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కులకి సాధారణంగా 6-32. ఫ్లాపీ డ్రైవులకి, సీడీ డ్రైవులకి ఎం3. తారుమారైతే చేతికే తెలుస్తుంది. 6-32 రంధ్రంలో ఎం3 పెడితే తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు. ఎం3 రంధ్రంలో 6-32 పెడితే ఒక చుట్టు తిరిగేలోపే మొరాయిస్తుంది. మొరాయించినప్పుడు బలం పెట్టకండి, డ్రైవ్ పక్క మర చెడిపోతుంది. పొడవు కూడా చూసుకోవాలి. హార్డ్ డిస్కుకి అవసరం కంటే పొడవైన స్క్రూ పెడితే దాని కొస లోపలి సర్క్యూట్ బోర్డుని తాకొచ్చు.

స్క్రూడ్రైవర్ల విషయంలో నా ఓటు నట్ డ్రైవర్‌కి, అంటే మొన బదులు తలని చుట్టి పట్టే గుల్ల ఉన్న డ్రైవర్‌కి. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి తర్వాతి క్లోన్ల (దాన్ని అనుకరించిన యంత్రాల) దాకా చాలా కేసు స్క్రూలకి ఆరు పలకల తల ఉంటుంది. పావు అంగుళం నట్ డ్రైవర్ దాని మీద టోపీలా కూర్చుంటుంది, జారదు, గాటు వెతుక్కునే పని ఉండదు. మామూలు స్టార్ డ్రైవర్ జారితే కొస బోర్డు మీద గీస్తూ పోతుంది, ఆ గీత ఎక్కడ పడిందో మనకి తెలియదు. స్టార్ డ్రైవర్ తప్పనిసరైతే ఎడమ చేతి చూపుడు వేలు, బొటనవేలు స్క్రూ తలకి చెరోపక్క ఆనించి, వాటి మధ్యగా డ్రైవర్‌ని దించండి. 5 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్ కూడా ఒకటి దగ్గర ఉండాలి. మదర్‌బోర్డు కింది లోహపు స్టాండాఫ్‌లకీ, సీరియల్, ప్యారలల్ పోర్టుల పక్కన ఉండే ఆరు పలకల నట్లకీ అదే. ఈ పోర్టు నట్లు కేబుల్ విప్పేటప్పుడు దాంతోపాటే ఊడి వచ్చేస్తుంటాయి. పాత యంత్రాల్లో నేను ఎక్కువగా చూసే ఊడిన భాగం ఇదే. బిగించడం కూడా అన్నిటికంటే తేలిక.

లోతైన చోటికి స్క్రూని చేర్చడమే చూపు లేని వాళ్లకి అసలైన కష్టం. దీనికి నాలుగు దారులు ఉన్నాయి. అయస్కాంతపు మొన ఉన్న డ్రైవర్ తేలిక, కానీ ఇత్తడి స్క్రూని పట్టదు, చుట్టూ ఇనుప రేకు ఉంటే స్క్రూని దారిలోనే పక్కకి అతికించేస్తుంది. డ్రైవర్ మొనకి చిటికెడు తేనెమైనం అద్ది స్క్రూని అంటించడం ఏ లోహానికైనా పనిచేస్తుంది, నాకు ఇదే ఇష్టం. స్క్రూ గాటులో విచ్చుకుని పట్టుకునే ప్రత్యేక డ్రైవర్లు ఉన్నాయి, మంచివే, కానీ వాటితో చివరి బిగింపు చేయకూడదు. నాలుగోది, స్క్రూ తల పట్టేంత ప్లాస్టిక్ గొట్టం ముక్క. గొట్టాన్ని ముందుగా రంధ్రం మీద నిలబెట్టి, స్క్రూని అందులోంచి జారవిడిచి, ఆ తర్వాత డ్రైవర్ దించడం. చాలా లోతైన రంధ్రాలకి ఇది నమ్మకమైనది. స్క్రూ పడిపోయినా గొట్టంలోనే ఉంటుంది.

రంధ్రం ఎక్కడుందో ముందు టూత్‌పిక్‌తో వెతకండి. పుల్ల దిగి నిలబడితే అదే చోటు. ఎడమ వేలిని అంచున ఉంచి, పుల్ల తీసి, స్క్రూ పెట్టండి. డ్రైవర్‌తో నేరుగా రంధ్రం వెతికే అలవాటు బోర్డుకి మంచిది కాదు.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకి ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని కాస్త ఆగి చదవండి. 1982లో వచ్చిన కమడోర్ 64 లాంటి యంత్రాల్లో కేసు స్క్రూలు ప్లాస్టిక్ పిల్లర్లలోకే దిగుతాయి. ప్రతిసారీ స్క్రూ కొత్త దారి కోసుకుంటే ఆ పిల్లర్ త్వరలోనే అరిగిపోతుంది. అందుకని స్క్రూని రంధ్రంలో పెట్టి ముందు ఎడమకి, అంటే విప్పే దిక్కుకి, నెమ్మదిగా తిప్పండి. ఒక చోట టక్‌మని చిన్నగా కిందికి దిగుతుంది. పాత మర మొదలయ్యేది అక్కడే. అప్పుడు కుడికి తిప్పితే స్క్రూ పాత దారినే పోతుంది. ఈ టక్ కళ్లకి కనిపించదు, చేతికే తెలుస్తుంది. బిగుసుకున్నాక ఆపేయాలి. వయసు మీరిన ప్లాస్టిక్ పెళుసు, ఇంకో పావు చుట్టు కోసం ఆశపడితే పిల్లర్ నిలువునా చీలుతుంది.

రంధ్రం ఇప్పటికే అరిగిపోయి ఉంటే వెంటనే జిగురు దగ్గరికి పరుగెత్తకండి. ముందు అంతే లావు, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న స్క్రూ ప్రయత్నించండి, కింద అరగని ప్లాస్టిక్ ఉండొచ్చు. పిల్లర్ లోతుని టూత్‌పిక్‌తో కొలిచి, గోరుతో గుర్తు పట్టి, స్క్రూతో పోల్చుకోవచ్చు. స్క్రూ పొడవు పిల్లర్ లోతుని మించితే అవతలి వైపు చీల్చుకుని వస్తుంది.

నైలాన్ టై: తక్కువ అంచనా వేసే పద్ధతి

స్క్రూ రంధ్రం లేని చోట, లేదా విరిగిన చోట, నేను తర్వాత చేయి చాచేది టై వైపే. పళ్లు ఒక్కొక్కటే టకటకమంటూ బిగుసుకుంటాయి, ఎంత బిగిసిందో చెవికీ వేలికీ తెలుస్తుంది. ఆగాల్సిన పని లేదు, ఆరాల్సిన పని లేదు. నచ్చకపోతే కత్తిరించి ఇంకొకటి వేసుకోవచ్చు. నైలాన్ విద్యుత్తుని పోనివ్వదు కాబట్టి ఎక్కడ తగిలినా భయం లేదు.

లోపల వేలాడే స్పీకర్‌కి, చిన్న ఫ్యాన్‌కి, కేబుల్ కట్టలకి, తర్వాత చేర్చిన మెమరీ కార్డు అడాప్టర్లకి ఇది బాగా పనిచేస్తుంది. రేకుకి గాలి రంధ్రాలున్న చోటల్లా టై వేయడానికి చోటు ఉన్నట్టే. టై తోకని మొదలుకంటా కత్తిరించాక కొసని వేలితో తడమండి. పదునుగా మిగిలిపోతే తర్వాతిసారి చేయి పెట్టినప్పుడు కోసుకుంటుంది, అందుకే గోళ్లు కత్తిరించే కట్టర్‌తో తీస్తే సాఫీగా తెగుతుంది. ఫ్యాన్ ఉన్న చోట తోక బ్లేడు దాకా పోకుండా ఉందో లేదో బ్లేడుని వేలితో పూర్తిగా ఒక చుట్టు తిప్పి వినండి.

లోపం ఒకటే. కచ్చితంగా ఒక స్థానంలో నిలవాల్సిన వాటికి టై చాలదు. ఫ్లాపీ డ్రైవ్ ముందు భాగం కేసు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, టైతో కడితే డిస్కు పెట్టినప్పుడల్లా వెనక్కి జరుగుతుంది.

టేపు

స్పంజిలా మెత్తగా ఉండే రెండు వైపుల టేపుల్లో రెండు తరగతులు. చవక రకం ఫోమ్ టేపు కొన్నేళ్లకి పొడిపొడిగా రాలుతుంది, లేదా జిగట ముద్దగా మారుతుంది. మీ యంత్రంలో భాగం ఊడిపోవడానికి కారణం అలాంటి పాత టేపే అయి ఉండొచ్చు, వేలికి బంకగా తగిలితే అదే. యాక్రిలిక్ ఫోమ్ టేపు అలా కాదు, చాలా ఏళ్లు నిలుస్తుంది. కొంటే అదే కొనండి.

చూపు లేని పనిలో టేపుకున్న గొప్ప గుణం, అది పెట్టిన చోటే ఉంటుంది. పారదు, కారదు. ముందే కొలతకి కత్తిరించి భాగానికి అంటించి, పై కాగితం తీయకుండానే భాగాన్ని దాని చోట పెట్టి సరిచూసుకోవచ్చు. కుదిరిందనిపించాక కాగితం తీసి అంటించడమే. కాగితం కొసని కొంచెం బయటికి మడిచి ఉంచితే తర్వాత వేలికి దొరుకుతుంది.

అంటించే ముందు రెండు ఉపరితలాలనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తుడిచిన చోట వేలు జారకుండా కీచుమంటే శుభ్రమైనట్టు, కానీ ఆ పరీక్ష అంచు మీద చేయండి, వేలి నూనె మళ్లీ అంటుకుంటుంది. అంటించాక పది పదిహేను సెకన్లు గట్టిగా అదిమి పట్టుకోండి. మామూలు గది వేడిలో పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. వెంటనే లాగి చూడాలన్న ఆత్రాన్ని ఆపుకోవాలి. టేపుకి నేను అర మార్కు తగ్గించింది ఇందుకే, పట్టిందో లేదో అప్పటికప్పుడు తెలియదు. విప్పాలంటే నైలాన్ దారాన్ని రంపంలా టేపు మధ్యలోంచి లాగితే వచ్చేస్తుంది.

జిగురులు, నా వరుసలో

హాట్ గ్లూ కంప్యూటర్ కంపెనీలే వాడిన పద్ధతి, కనెక్టర్లూ కాయిల్సూ కదలకుండా ఫ్యాక్టరీలోనే వేసేవారు. విద్యుత్తుని పోనివ్వదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంచున వేస్తే పట్టు విడిచి ఊడి వస్తుంది. ఈ రెండూ గొప్ప గుణాలే. కానీ తుపాకీ మొన తక్కువ వేడి రకంలోనే 120 డిగ్రీల సెల్సియస్ దాకా, ఎక్కువ వేడి రకంలో సుమారు 190 దాకా ఉంటుంది. మన పని పద్ధతే వేలిని మొన పక్కన ఉంచి దారి చూపించడం. ఆ రెండూ కలవవు. దీనికి నాకు నచ్చిన దారి ఒకటుంది: తుపాకీని అసలు కేసులోకి తీసుకెళ్లకుండా, బయట బల్ల మీద ఊడిన భాగానికే జిగురు వేసి, తుపాకీని స్టాండ్ మీద పెట్టేసి, ఆ తర్వాత భాగాన్ని దాని చోట అదమడం. పది సెకన్లలోపు అయిపోవాలి కాబట్టి జిగురు లేకుండా ఒకటికి నాలుగు సార్లు సాధన చేయండి. వేడెక్కే రెగ్యులేటర్ల దగ్గర, హీట్ సింకుల (చిప్పు వేడిని బయటికి పంపే లోహపు రెక్కల) దగ్గర హాట్ గ్లూ మెత్తబడి మళ్లీ ఊడుతుంది, అక్కడ వద్దు.

ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు, ఒక్క పనికి మాత్రం అవసరం. విరిగిన ప్లాస్టిక్ పిల్లర్‌కి, పిల్లర్ లోంచి ఊడి వచ్చిన ఇత్తడి మర గుల్లకి అంత బలం ఇచ్చేది మరొకటి లేదు. రెండు సిరంజిలు జంటగా ఉండి, ఒకే తోపుడుతో రెండు భాగాలూ సమానంగా వచ్చే రకం తీసుకోండి, కొలిచే బాధ ఉండదు. కానీ అయిదు నిమిషాల రకం తీసుకుంటే ఆ అయిదు నిమిషాలూ టెన్షన్‌గా గడుస్తాయి. అరగంట రకం చూపు లేని వాళ్లకి మేలు. గుల్ల లోపలి మరలోకి జిగురు పోకుండా ముందుగా గ్రీజు రాసిన స్క్రూని అందులో బిగించి ఉంచండి. యంత్రాన్ని విరిగిన పిల్లర్ నిలువుగా పైకి ఉండేలా తిప్పి పెడితే, కారినా పిల్లర్ మీదుగానే కారుతుంది. బోర్డు ఆ పరిసరాల్లో ఉండకూడదు, ముందే తీసి పక్కన పెట్టండి. మిగిలిన ఎపాక్సీ ముద్దని బల్ల మీద అట్ట ముక్కపై ఉంచి, యంత్రాన్ని తాకకుండా దాన్నే గోటితో నొక్కి చూస్తుంటే లోపల ఎంత గట్టిపడిందో తెలుస్తుంది. అది రాయిలా తగిలినా ఒక రోజు ఆగాకే స్క్రూ బిగించాలి.

సూపర్ గ్లూ వద్దు. నీళ్లలా పలచన, సన్నని సందు దొరికితే చాలు స్విచ్చిలోకి, సాకెట్లోకి తనంతట తనే పాకుతుంది. మన వేలినే భాగానికి అతికిస్తుంది, ఆ వేలే మనకి కన్ను. అతుకు పెళుసుగా ఉంటుంది, ఒక దెబ్బకి విడిపోతుంది. వదిలించడానికి వాడే అసిటోన్ పాత కేసుల ఏబీఎస్ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది.

ఊడింది కనెక్టర్ అయితే

కనెక్టర్లని ఏ జిగురుతోనూ అతికించకండి. అవి దిగాల్సినంత దిగితే వాటంతట అవే నిలుస్తాయి. డ్రైవులకి కరెంటిచ్చే నాలుగు పిన్నుల పెద్ద కనెక్టర్‌కి రెండు మూలలు చెక్కినట్టు ఉంటాయి, వేలికి తెలుస్తాయి, తిరగేసి పెట్టబోతే దిగదు. విస్తరణ కార్డు కూడా అంతే. రెండు బొటనవేళ్లతో కార్డు పై అంచుని సమానంగా నొక్కి, ఆ తర్వాత వేలిని స్లాట్ పొడవునా జరిపితే, ఒక కొస పైకి లేచి ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది. కార్డు బ్రాకెట్ స్క్రూ బిగిస్తున్నప్పుడు అవతలి కొస పైకి లేవడం మామూలే, కాబట్టి స్క్రూ బిగించాక మరోసారి తడమాలి.

అసలైన ప్రమాదం 1995లో ఏటీఎక్స్ అనే కొత్త బోర్డు, పవర్ సప్లై ప్రమాణం రాకముందు నాటి పీసీల్లో ఉంది. మదర్‌బోర్డుకి కరెంటు పీ8, పీ9 అనే రెండు ఆరు పిన్నుల కనెక్టర్లతో వెళుతుంది. రెండూ పక్కపక్కన దిగుతాయి, తారుమారు చేసినా దిగుతాయి, కానీ స్విచ్చి వేస్తే బోర్డు పోతుంది. నల్ల వైర్లు రెండింటివీ మధ్యలో కలవాలన్నది అందరూ చెప్పే సూత్రం. రంగు తెలియని వాళ్లకి అది ఎలా పనికొస్తుంది? కంటిన్యుటీ బజర్ (రెండు ప్రోబ్‌ల మధ్య కరెంటు దారి కలిస్తే మోగేది) ఉన్న మల్టీమీటర్‌తో పనికొస్తుంది. గోడ ప్లగ్ తీసేసి, రెండు కనెక్టర్లూ విడిగా ఉన్నప్పుడు, ఒక ప్రోబ్‌ని పవర్ సప్లై డబ్బా లోహానికి ఆనించి, రెండోదాన్ని కనెక్టర్ పిన్నుల మీద ఒక్కొక్కటిగా పెట్టండి. ఆగకుండా మోగేవి గ్రౌండ్, అంటే నల్ల వైర్లు. ఒక క్షణం మోగి ఆగితే అది కెపాసిటర్ ఛార్జి అవడం, లెక్కలోకి తీసుకోకండి. ప్రతి కనెక్టర్‌లోనూ ఒక కొసన పక్కపక్కనే రెండు పిన్నులు మోగుతాయి. ఆ రెండు కొసలూ ఒకదానికొకటి ఆనుకునేలా దించాలి. ఆ వెంటనే ఒక కనెక్టర్‌కి దారం ముడి వేసి గుర్తు పెట్టేయండి.

ఒంటరిగానా, తోడుతోనా

చేయి పెట్టకూడదన్నవి తప్ప పైవన్నీ ఒంటరిగా చేయగలిగినవే. తోడు తీసుకోవడంలో కూడా ఎంపికలున్నాయి. 2015 నుంచి ఉన్న బీ మై ఐస్ యాప్‌లో వాలంటీర్లు ఫోన్ కెమెరా ద్వారా చూసి చెబుతారు. వైరు రంగు, చిప్పు మీద అక్షరాలు, జిగురు ఎక్కడి దాకా పారింది లాంటి ప్రశ్నలకి అది చక్కగా సరిపోతుంది. అలాంటిదే మరో సేవ ఐరాలో శిక్షణ పొందిన ఏజెంట్లు ఉంటారు, ఒక పని మొదటి నుంచి చివరి దాకా తోడుండాలంటే అదే నయం. రెండింటికీ ఒకే ఇబ్బంది: ఫోన్ పట్టుకున్న చేయి పనికి ఉండదు. మెడలో వేలాడే హోల్డర్ గానీ వంగే స్టాండ్ గానీ ముందే సిద్ధం చేసుకోండి, ఫోన్ టార్చి వేయమని అడగండి, కేసు లోపల కెమెరాకి చీకటే. "స్క్రూ ఎక్కడుంది" అని అడిగితే "అక్కడ, పక్కన" అంటారు. "నా చూపుడు వేలి కొస నుంచి ఏ దిక్కుకి, ఎంత దూరం" అని అడగండి.

పక్కన కూర్చున్న చూపున్న మనిషి వేరే రకం తోడు. వాళ్లకి చెప్పాల్సింది ముందే చెప్పాలి: "అడిగినప్పుడు చెప్పండి, చేయి మాత్రం పెట్టకండి." లేకపోతే మంచి మనసుతోనే చేతిలోంచి డ్రైవర్ లాగేసుకుంటారు, ఏ స్క్రూ ఎక్కడికి పోయిందో మన లెక్క అక్కడితో తప్పుతుంది. రిపేర్ షాపుకి ఇవ్వడం పిక్చర్ ట్యూబ్ యంత్రాలకి, సోల్డరింగ్ కావాల్సిన వాటికి. అక్కడ కూడా ఊడిన భాగానికి సూపర్ గ్లూ వాడొద్దని ముందే చెప్పి ఇవ్వండి.

మీ దగ్గర ఊడింది ఇదైతే

ఫ్లాపీ డ్రైవ్, హార్డ్ డిస్కు: స్క్రూ తప్ప మరొకటి వద్దు. స్పీకర్: రేకుకి రంధ్రాలుంటే టై, లేకపోతే యాక్రిలిక్ టేపు. టేపు ముక్కలు చట్రం అంచుకే వేయాలి, మధ్యలోని కాగితపు శంఖాన్ని తాకితే చిరుగుతుంది. మదర్‌బోర్డు కింద విరిగిన నైలాన్ స్టాండాఫ్: కొత్తది వేయడమే. పైన చిన్న ముక్కులా ఉన్న భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే పాతది బోర్డు లోంచి బయటికి వస్తుంది. కొత్తది దొరికే దాకా ఆ మూలకి ఏమీ పెట్టకుండా వదిలేయడం, జిగురు పోయడం కంటే మంచిది. కేసు కింద రబ్బరు పాదాలు: టేపు. పిల్లర్ విరిగితే, ముక్క దొరికితే ఎపాక్సీ, దొరక్కపోతే ఆ ఒక్క స్క్రూ లేకుండా వదిలేయండి, మిగతావి పట్టి ఉంచుతాయి. చిప్పు మీద నుంచి ఊడిన హీట్ సింక్: వేడిని మోసే ప్రత్యేకమైన టేపు, మామూలు ఫోమ్ టేపు వేస్తే వేడి బయటికి పోదు. 1977 నాటి యాపిల్ 2 స్లాట్లలో వదులైన కార్డు: ఆ కార్డులకి స్క్రూ బ్రాకెట్ ఉండదు, తీసి పెట్టడమే బిగింపు. కాంటాక్టులని ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ దించండి.

మూత వేసే ముందు విప్పిన స్క్రూలనీ మిగిలిన స్క్రూలనీ లెక్క చూడండి. ప్రతి కేబుల్‌నీ చిటికెడు బలంతో లాగి చూడండి. ఆ తర్వాత యంత్రాన్ని తువ్వాలు మీద నాలుగు పక్కలకీ వంచి వినండి. ఏ చప్పుడూ రాకపోతే ప్లగ్ పెట్టండి. వస్తే మళ్లీ మూత తీయాల్సిందే, ఎంత చిన్న చప్పుడైనా సరే.